మేక ఉమ్మిలో గులాబీ గీత

నా ఉద్యోగంలో ఇరవై ఎనిమిదేళ్ళు పశువుకు వెనకవైపు గడిచాయి. ఆఖరి మూడేళ్ళు నన్ను ముందువైపుకు మార్చారు. అంటే మొదట పరీక్షల కోసం పేడ పట్టేవాణ్ణి, తర్వాత ఉమ్మి పట్టేవాణ్ణి. ప్రమోషన్ అనేదే లేకుండా రిటైరవుతున్నానని ఒకరోజు దిగులుపడితే మా ఆవిడ నవ్వింది. "ఇంతకన్నా ప్రమోషన్ యాడుంటుంది? తోక కాడి నుంచి మూతి దాకా వచ్చినావు గదా!" అంది.

తిరువళ్ళూరు పక్కన పశువుల మీద పరిశోధన చేసే ఒక కేంద్రంలో నేను ఫీల్డ్ అసిస్టెంటును. తిరుత్తణిలో ఇల్లు, రోజూ రైలు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మీ అనుభవంలో మంచి సంగతి ఒకటి చెప్పండి సార్" అంటారు. మంచి సంగతులు అందరూ చెబుతారు. నేను పాడుచేసిన సంగతి ఒకటి చెబుతాను. మీకు అదే ఎక్కువ పనికొస్తుంది.

ఉమ్మి పని మొదలైంది ఒక అమ్మాయి వల్ల. మూడేళ్ళ కాంట్రాక్టు మీద మా కేంద్రానికి వచ్చిన పరిశోధకురాలు. తిరుత్తణి వైపు తెలుగు రైతు కుటుంబం. ఇంట్లో తెలుగు, చదువు తమిళం, పని ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదివేది గాని, మాట్లాడితే మాత్రం ఆపడం కష్టం. వచ్చిన మొదటి రోజే షెడ్డు దగ్గర నిలబడి నన్ను అడిగింది.

"అన్నా, ఎద్దు చొంగ చూడు, తీగ మాదిరి ఎంత పొడుగు సాగుతా ఉండాదో. మేకది ఎందుకు అట్ల సాగదు?"

అన్నేళ్ళుగా ఎద్దుల చొంగ నా చొక్కా మీదే కారింది. ఒక్కసారి కూడా నాకు ఆ ప్రశ్న రాలేదు. "అది ఎద్దు, ఇది మేక. అంతే మా" అన్నాను.

"అంతే అనేదానికి నాకు మూడేండ్లు జీతం ఇస్తా ఉండారన్నా" అంది.

తర్వాత తనే చెప్పింది. ఉమ్మిలో జిగురుకు మూలం మ్యూసిన్ అనే ప్రోటీన్ అట. ఒకే ముక్క మళ్ళీ మళ్ళీ వచ్చే పొడవాటి దండలాంటిది. ఆ దండ నిండా చక్కెరలు అతుక్కుని ఉంటాయి. ఆ చక్కెరలే నీళ్ళను పట్టి ఉంచి ఉమ్మిని జారుడుగా చేస్తాయి. నోరు ఎండకుండా, మేతలోని ముళ్ళు గుచ్చుకోకుండా కాపాడేది అదే. వింత ఏమిటంటే, ఆ దండలో ఎన్ని ముక్కలుండాలో జన్యువు చెబుతుంది, ఆ లెక్క జంతువు జంతువుకూ మారుతుంది. ఒక జంతువులో ఉన్న మ్యూసిన్ ఇంకో జంతువులో అసలు ఉండకపోవచ్చు. ఒకే జాతిలో అన్నదమ్ముల మధ్య కూడా ముక్కల సంఖ్యలో తేడా రావచ్చు. మనం రోజూ తుపుక్కున ఉమ్మేసే దానిలో ఇంత వంశ చరిత్ర ఉందని వినేసరికి, ఆ రోజు రైల్లో కిటికీలోంచి ఉమ్మేవాళ్ళను కాస్త మర్యాదగా చూశాను.

మా పని ఇలా ఉండేది. శుభ్రమైన దూది ఉండను చిమ్టాతో పట్టుకుని పశువు నోట్లో పెట్టాలి. అది కాసేపు నమిలాక తీసి, సిరంజిలో వేసి పిండి, ఆ ఉమ్మిని ట్యూబులో పట్టి ఐస్ పెట్టెలో దాచాలి. ల్యాబులో ఆ అమ్మాయి దాన్ని జెల్ అనే మెత్తటి పలక మీద పోసి కరెంటు పెట్టేది. చిన్న ప్రోటీన్లు పరుగెత్తి దూరం పోతాయి, పెద్దవి వెనకబడతాయి. తర్వాత రంగులో ముంచితే చక్కెరలున్న జిగురు ప్రోటీన్లు గులాబీ గీతల్లా తేలతాయి.

ఎద్దులతో ఇబ్బంది లేదు, అవి అడక్కుండానే ఇస్తాయి. చిక్కంతా మేకలతోనే. మేకకు ఉమ్మి తక్కువ, పొగరు ఎక్కువ. కొత్త చేతికి నోరు తెరవదు. అందుకని నేనొక ఉపాయం కనిపెట్టాను. పెంచుకునేవాళ్ళ చేతికే దూది ఇస్తే మేక కిక్కురుమనకుండా నములుతుంది. ఆ అమ్మాయి మెచ్చుకుంది, మా పెద్ద సారు కూడా మెచ్చుకున్నారు. అప్పటికే కేంద్రంలో నాకొక పేరుంది. "ఆయన పట్టిన ట్యూబుకు రెండో చూపు అక్కర్లేదు" అనేవారు. ఆ పేరంటే నాకు ప్రాణం. అందుకే ఊళ్ళకు నన్ను ఒక్కణ్ణే పంపేవారు.

కనకమ్మ సత్రం అనే ఊరికి నాలుగు మైళ్ళ లోపల ఒక చిన్న పల్లె ఉంది. ఐదారు ఇళ్ళ వాళ్ళు మేకలు మేపుతారు. మొదటి ఇంట్లో తొమ్మిది మేకలున్న ఒక అక్క నన్ను గడప దగ్గరే ఆపేసింది.

"నా మేకల జోలికి రావద్దన్నా. కొత్తోళ్ళ కండ్లు పడితే మర్నాడు మేత ముట్టవు. పోయిన తూరి ఎవురో వచ్చి ఎన్నుండాయని ఏలు చూపించి ఎంచిపోయినారు. వారం తిరక్క ముందే రెండు పిల్లలు సచ్చిపోయినాయి."

పట్నం నుంచి వచ్చినవాడైతే అక్కడ దిష్టి లేదు గిష్టి లేదని ఉపన్యాసం మొదలుపెట్టి ఖాళీ పెట్టెతో తిరిగి వెళ్ళేవాడు. నేను ఈ నేల మనిషిని కదా.

"దిష్టి భయమా అక్కా? అయితే ఈ దూదితోనే దిష్టి తీసేసి నోట్లో పెట్టు. నేనేమన్నా వద్దన్నానా?" అన్నాను.

ఆమె మొహం విప్పారింది. "సెరి, అట్లయితే ఇట్లియ్యి" అని దూది అందుకుని మేక మూతి చుట్టూ తిప్పడం మొదలుపెట్టింది. నేను ట్యూబు మీద నెంబరు రాసుకుంటూ కూర్చున్నాను. ఆమె చేశాక పక్కింటివాళ్ళూ అలాగే చేశారు. చివరి ఇంటి ముసలాయన ఒక్కడే, "దిష్టి లేదు, మన్నూ లేదు, ఇట్ల తే" అని దూది నేరుగా మేక నోట్లో పెట్టాడు. సాయంత్రానికి ముప్పై రెండు ట్యూబులతో పెళ్ళికొడుకులా తిరిగొచ్చాను. ఫీల్డ్ పుస్తకంలో మేక వయసు, రంగు, మేత అన్నీ రాశాను. దిష్టి సంగతి రాయలేదు. దాచిపెట్టాలని కాదు. అన్నం తినేముందు చేతులు కడుక్కున్నామని ఎవరైనా రాస్తారా?

రెండు వారాల తర్వాత ఆ అమ్మాయి ల్యాబులోంచి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చింది. ఆ పల్లె మేకల ఉమ్మిలో ఒక గులాబీ గీత ఎక్కువగా ఉంది. మా షెడ్డు మేకల్లో లేదు, తిరువాలంగాడు వైపు మేకల్లో లేదు. ఆ పల్లెలోనే ఉంది. అందరికీ టీ, బోండాలు తెప్పించింది.

"ఇంకొక వింత చూడన్నా. ఒక ఇంటి మేకలన్నిటికీ గీత ఒకే ఎత్తులో ఉండాది. పక్కింటి మేకలకు ఇంకో ఎత్తు. మనం పట్టేదానికి ముందు వారమే సంతలో కొన్న మేక కూడా ఆ ఇంటి మేకల మాదిరే ఉండాది. ఆ ఆఖరి ఇంటి మేకలకు మాత్రం గీతే లేదు. ఎట్ల ఇది?"

"మేకలు కూడా ఇంటిపేరు పెట్టుకుంటాయేమో మా" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆమె తన ఊహ తను కట్టుకుంది. ఆ మేకలు తుమ్మాకు తింటాయి, ఆకులో వగరు ఉంటుంది, ఆ వగరును కట్టిపడేయడానికే వాటికి కొత్తరకం మ్యూసిన్ వచ్చిందేమో అని. వినడానికి ఎంతో అందంగా ఉంది. పెద్ద సారు దాన్ని నమ్మి పైవాళ్ళకు కూడా చెప్పేశారు. ఆ అమ్మాయి కాంట్రాక్టు పొడిగింపు మొత్తం ఆ గీత మీద నిలబడింది.

తర్వాత జన్యువుల ఫలితాలు వచ్చాయి. అవే మేకల రక్తం విడిగా పరీక్షకు పంపారు. వాటి జన్యువుల్లో కొత్తది ఏమీ లేదు, అన్ని మేకల్లాంటి మేకలే. విస్తట్లో గారెలున్నాయి, ఇంట్లో మినుములు లేవు. మరి ఈ గారెలు ఎక్కడివి?

పెద్ద సారు ఆమెను పిలిచి తమిళంలో మెల్లగానే చెప్పారు. ట్యూబులు ఎక్కడో కలిపేసి ఉంటావు, ఒప్పుకో, ఆ భాగం తీసేద్దాం అని. ఆయన చెడ్డవాడు కాదు. కానీ ఆ ఒప్పుకోలు కాగితం మీదికి వస్తే ఆమెకు పొడిగింపు ఉండదని ఆయనకూ తెలుసు, ఆమెకూ తెలుసు. పని చూడడానికి కమిటీ వచ్చేది సోమవారం. శనివారం పొద్దున ఆమె నా దగ్గరికి వచ్చింది.

"నీ ట్యూబుల మింద నాకు అనుమానం లేదన్నా. తప్పు నా చేతుల్లోనే ఉండాలి. ఒక్కసారి ఆ ఊరికి పోదాం. మళ్ళీ పట్టుకొని వద్దాం."

వెళ్ళాం. తొమ్మిది మేకల అక్క ఆ అమ్మాయిని చూసి బుగ్గలు నొక్కుకుంది. "ఏంది మా, ఇంత చిక్కిపోయినావు? పావం, ఎవురి కండ్లు పడినాయో ఏమో. ఉండు, అట్లనే నిలబడు" అని నా డబ్బాలోంచే ఒక దూది ఉండ తీసింది. ఆ అమ్మాయి నవ్వుతూ కళ్ళు మూసుకుంది. అక్క ఆమె మొహం చుట్టూ దూదిని మూడుసార్లు తిప్పి, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి" అంటూ దూది మీద తూ, తూ, తూ అని మూడుసార్లు ఉమ్మింది.

ఉత్తుత్తి తూతూలు కాదు. దూది మీద మూడు తడి మచ్చలు ఎండలో మెరిశాయి.

ఆ ముప్పై రెండు మేకలూ వరసగా కళ్ళముందు నిలబడ్డాయి. ఆఖరి ఇంట్లో తప్ప, నోట్లో పెట్టేముందు ప్రతి దూదికీ ఇదే జరిగింది. నేను పక్కనే ఉన్నాను. చిన్నప్పటి నుంచి మా అమ్మ నాకు, మా ఆవిడ మా పిల్లలకు ఇలాగే తీయడం చూసినవాణ్ణి. అలవాటైన దాన్ని కళ్ళు చూస్తాయి గాని మనసు పట్టించుకోదు. పైగా దిష్టి తియ్యమన్నది నేనే. ఒక ఇంటి మేకలన్నిటికీ ఒకే ఎత్తులో గీత ఎందుకుందో, ముసలాయన మేకలకు ఎందుకు లేదో, సంతలో కొన్న మేక ఎలా చుట్టమైందో అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. అది మేకల మ్యూసిన్ కాదు, ఆడవాళ్ళ మ్యూసిన్.

చెప్పాలి కదా? చెప్పలేదు. అక్క మేకల కోసం దూది అడిగితే, "ఈ పొద్దు వద్దులే అక్కా, బస్సుకు టైమవుతా ఉండాది, నేనే పెడతా" అన్నాను. మేక నన్ను రెండు తన్నులు తన్నింది. రెండూ న్యాయమైనవే. దిష్టి తగలని ఉమ్మి ఐదారు ట్యూబుల్లో పట్టాను. ఆ ఉమ్మిలో గీత రాదని, రాకపోతే ఆ అమ్మాయే దోషి అవుతుందని తెలిసీ పట్టాను. చెప్పడం ఒక్కటే దారి అయినప్పుడు మనిషి చెయ్యడానికి ఇంకేదో పని వెతుక్కుంటాడు.

కనకమ్మ సత్రం రోడ్డు మీద బస్సుల కోసం నిలబడ్డాం. ఆమె తిరువళ్ళూరు వైపు, నేను తిరుత్తణి వైపు.

"ఈ తూరి కూడా గీత వస్తే నిలబడతానన్నా. రాకపోతే ఇంటికే" అంది.

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఇంకా రెండు నెలల్లో నా రిటైర్మెంటు. "రెండో చూపు అక్కర్లేదు" అన్న పేరుతో బయటికి వెళ్ళాలని ఎంత ఆశ! ఆమె బస్సే ముందు వచ్చింది.

ఇంటికి వెళ్ళి మా ఆవిడకు దూది ఇచ్చి, "దీని మీద మూడుసార్లు ఉమ్ము" అన్నాను.

"ముప్పై ఏండ్ల నుంచి అనుకుంటా ఉండా, మర్యాద కోసమని ఊరుకున్నా" అని తృప్తిగా ఉమ్మింది. సంగతి చెప్పాక మాత్రం నవ్వలేదు. "ఆ బిడ్డకు పోను చేసినావా?" అంది. లేదన్నాను. "మరి దూదితో ఏం పని నీకు?" అంది.

ఆదివారం తెల్లారగానే ల్యాబుకు వెళ్ళాను. జెల్ నడపడం ఆ అమ్మాయే నాకు నేర్పింది. అయినా ఎప్పుడూ ఆమె ప్రశ్నల కోసం నడిపిందే. నా సొంత ప్రశ్న కోసం నేను చేసిన ప్రయోగం అదొక్కటే. ఒక గడిలో షెడ్డు మేక ఉమ్మి, ఒక గడిలో నాది, ఒక గడిలో మా ఆవిడది, ఒక గడిలో నేను మూడుసార్లు ఉమ్మిన దూదిని షెడ్డు మేక నమిలినది, చివర పల్లె నుంచి తెచ్చిన పాత ట్యూబుది. నా అనుమానం తప్పని తేలాలని చేశాను. రంగు ఎక్కేదాకా పలక ముందే కూర్చున్నాను.

షెడ్డు మేకలో గీత లేదు. నాలో ఉంది, మా ఆవిడలో ఉంది, ఉమ్మిన దూదిలో ఉంది, పల్లె ట్యూబులో ఉంది. అంత భయంలోనూ ఒక సంగతికి ఆశ్చర్యపోయాను. మా ఆవిడ గీత నా గీత కన్నా కాస్త పైన ఉంది. ముప్పై ఏళ్ళు ఒకే కుండలో అన్నం తిన్నాం, ఉమ్మిలో మాత్రం ఎవరి వంశం వారిదే. ఎవరికైనా చూపించాలనిపించింది. చూపించడానికి ఆ అమ్మాయి తప్ప ఎవరున్నారు? మధ్యాహ్నం శనివారపు ట్యూబులు నడపడానికి ఆమె వస్తుంది. ఆమె వచ్చేలోపు ఫోటో తీసి ప్రింటు జేబులో పెట్టుకుని, బల్ల తుడిచేసి, వెళ్ళిపోయాను.

సోమవారం కమిటీ ముందు ఆమె నిలబడింది. నేను వెనక గోడ దగ్గర, ట్యూబుల పెట్టె పక్కన. కొత్త ట్యూబుల్లో గీత రాలేదని ఆమే చెప్పింది. పెద్ద సారు తల వంచుకుని, "శాంపిల్స్ కలిసిపోయి ఉండొచ్చు" అన్నారు. కమిటీలో పెద్దావిడ ఒకరు ఆ అమ్మాయిని అడిగారు. "మీ పొరపాటేనా?"

"అలా అయి ఉండొచ్చు మేడమ్. నా పొరపాటే" అంది.

ఆ మాట ఆమె నోటినుంచి వినేదాకా ఆగాను. అది ఈ రోజుకీ నాకు సిగ్గే.

"కాదు మేడమ్, నాది" అన్నాను. అందరూ వెనక్కి తిరిగారు. జేబులోంచి ప్రింటు తీసి బల్ల మీద పెట్టి, మేక మూతి చుట్టూ దూది తిప్పడం నుంచి మా ఆవిడ ఉమ్మి దాకా అన్నీ చెప్పాను. తర్వాత ఆ పెద్దావిడ ప్రింటును కళ్ళజోడుకు దగ్గరగా పెట్టుకుని, "అయితే దిష్టి తీస్తే జెల్‌లో కనపడుతుందన్నమాట" అని పకపకా నవ్వారు. పెద్ద సారు నవ్వలేదు. నన్ను రాతపూర్వకంగా సంజాయిషీ అడిగారు, ఇచ్చాను. కమిటీ వాళ్ళు ఆ అమ్మాయి పనిలో తప్పు లేదని, మళ్ళీ మొదటి నుంచి మేకల ఉమ్మి పట్టాలని, అందుకు ఆరు నెలలు పొడిగించాలని రాశారు. పల్లె ఆడవాళ్ళ గీతల కొలతలన్నీ ఆమె తీసేసింది. వాళ్ళ ఉమ్మి చూస్తామని వాళ్ళను మనం అడగలేదు కదా అంది.

సాయంత్రం ల్యాబులో ఆమె నా ఎదురుగా కూర్చుంది.

"శనివారం బస్సు కాడ నిలబడినప్పుడే నీకు తెలుసా అన్నా?"

"తెలుసు మా."

ఆమె ఆ ప్రింటును దగ్గరికి లాక్కుంది. మా ఆవిడ గీత మీద వేలు పెట్టి, మళ్ళీ తీసేసింది. "ఇకమింద ఊర్లకు నేనూ వస్తా. ప్రతి తూరీ" అంది. అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

తర్వాతి వారం ఇద్దరం ఆ పల్లెకు వెళ్ళాం. ఈసారి దిష్టికి ఒక దూది, మేకకు ఇంకో దూది. ఆ అమ్మాయి పక్కనే నిలబడి ప్రతి కదలికా పుస్తకంలో రాస్తోంది, ఎవరు పట్టుకున్నారు, ఏమన్నారు, ఏం చేశారు అని. తొమ్మిది మేకల అక్క కాసేపు చూసి, నా వైపు తిరిగి గట్టిగా అడిగేసింది. చుట్టూ నలుగురు నిలబడి ఉన్నారు.

"ఏమన్నా, ఎప్పుడూ నువ్వొక్కడివే వచ్చి పట్టుకొని పోతా ఉంటివి. ఇప్పుడు ఈయమ్మ వచ్చి కాపలా కాస్తా ఉండాది. నీ పని మింద నమ్మకం పోయిందా వాళ్ళకు?"

జవాబు వెతుక్కునేలోపే ఆ అమ్మాయి పుస్తకంలోంచి తల ఎత్తకుండా అంది.

"అట్లంతా ఏం లేదక్కా. అన్న ఇంకా కొన్నాళ్ళకు రిటైరవుతాడు గదా. ఆ లోపల ఆయన కాడ పని నేర్చుకుందామని నేనే ఎనకాల తిరగతా ఉండా."

ఆమె పేరు నిలబెట్టే ఒక్క మాట చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. నా పేరు నిలబెట్టడానికి ఆమె రాస్తున్న పెన్ను కూడా ఆపలేదు.